రాతి అడవికి బిరుదుంది, చట్టం లేదు

తమిళనాడులోని విళుపురం జిల్లా తిరువక్కరై గ్రామానికి వచ్చేవారిలో ఎక్కువమంది వక్రకాళి అమ్మవారి దర్శనానికే వస్తారు. ఆ ఊరికి కిలోమీటరు దూరంలో, కంచె వేసిన ఎర్రనేలలో, చూడవలసిన మరో వింత ఉంది. సుమారు 200 చెట్ల మానులు అక్కడ నేలపై పడి ఉన్నాయి. కొన్ని 3 మీటర్ల పొడవుంటే, కొన్ని 15 మీటర్ల దాకా ఉన్నాయి. దూరం నుంచి చూస్తే ఎవరో ఇటీవల నరికి వదిలేసిన దుంగల్లాగే ఉంటాయి. కలప చార, ముడుల గుర్తులు స్పష్టంగా కనిపిస్తాయి. చేయి వేసి చూస్తేనే అది రాయి అని తెలుస్తుంది. ఈ చెట్లు సుమారు 2 కోట్ల సంవత్సరాల నాటివని భూవిజ్ఞాన శాస్త్రజ్ఞుల అంచనా. ఫ్రెంచి ప్రకృతి శాస్త్రజ్ఞుడు పియర్ సొన్నెరా 18వ శతాబ్దం చివరలోనే వీటిని గుర్తించి లోకానికి తెలియజేశాడు.

ఇది జాతీయ భూవైజ్ఞానిక స్మారకం. భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ (జీఎస్‌ఐ) సంరక్షణలో ఉంది. అయితే ఒక సాధారణ ప్రశ్న వేసుకుంటే ఈ గుర్తింపు లోపల ఉన్న డొల్లతనం బయటపడుతుంది. ఈ రాతి మాను నుంచి ఎవరైనా ఒక ముక్క విరగ్గొట్టి తీసుకుపోతే, లేదా కంచె అవతల నేలలో ఉన్న మరో మానును యంత్రంతో పిండి చేస్తే, శిలాజాన్ని ధ్వంసం చేసినందుకు ఏ చట్టం కింద శిక్షించాలి? దొంగతనం, అక్రమ ప్రవేశం, అనుమతి లేని తవ్వకం వంటి సాధారణ నేరాల కింద కేసు పెట్టవచ్చు. శిలాజాన్ని శిలాజంగా, జాతి వారసత్వంగా గుర్తించి రక్షించే ప్రత్యేక కేంద్ర చట్టం మాత్రం మన దేశంలో లేదు. 2022 డిసెంబరులో అందుకోసం సిద్ధమైన ముసాయిదా బిల్లు చట్టరూపం దాల్చలేదు. ఈలోగా క్వారీలు, రహదారులు, ఇళ్ల స్థలాలు విస్తరిస్తూనే ఉన్నాయి.

చెట్టు రాయిగా మారిన వైనం

చెట్టు కూలిన తర్వాత మామూలుగా జరిగేది కుళ్లిపోవడమే. చెదలు, బూజు, సూక్ష్మజీవులు కలిసి కొన్నేళ్లలో దాన్ని మట్టిలో కలిపేస్తాయి. చాలా అరుదుగా, కూలిన మాను వెంటనే ఇసుక, ఒండ్రు లేదా అగ్నిపర్వత బూడిద కింద కూరుకుపోతుంది. గాలి తగలకపోవడంతో కుళ్లడం ఆగిపోతుంది. భూగర్భ జలంలో కరిగి ఉన్న సిలికా కలపలోని కణాల్లోకి ఇంకి, వాటి గోడల ఆకారాన్ని చెరపకుండా గట్టిపడుతుంది. లక్షల ఏళ్లలో కలప స్థానాన్ని ఖనిజం ఆక్రమిస్తుంది. ఇనుము ఉన్నచోట ఎరుపు, పసుపు రంగులు, మాంగనీసు ఉన్నచోట నలుపు, ఊదా ఛాయలు ఏర్పడతాయి. పలుచని పొరగా కోసి సూక్ష్మదర్శిని కింద పెడితే ఆ చెట్టు ఏ కుటుంబానికి చెందిందో చెప్పగలిగినంత స్పష్టంగా కణ నిర్మాణం మిగిలి ఉంటుంది.

అయితే రాయిగా మారిన కలప చెప్పే కథలో సగం ఆ ముక్కలో ఉంటే, మిగతా సగం అది పడి ఉన్న చోటులో ఉంటుంది. తిరువక్కరై మానులకు వేళ్లు, కొమ్మలు, బెరడు దాదాపు కనిపించవు. అవి అక్కడే పెరిగిన చెట్లు కావనీ, ఎక్కడి నుంచో వరదకు కొట్టుకొచ్చి ఇసుకలో పూడిపోయాయనీ దీన్నిబట్టి నిర్ధారించారు. తమిళనాడులోనే పెరంబలూరు జిల్లా సాత్తనూరులో 18 మీటర్ల పొడవైన మాను ఉంది. జీఎస్‌ఐ శాస్త్రవేత్త ఎం.ఎస్.కృష్ణన్ దీన్ని 1940లో వెలుగులోకి తెచ్చారు. డైనోసార్లు తిరుగాడిన క్రెటేషియస్ యుగానికి చెందిన ఈ మాను సముద్రపు అవక్షేపాల్లో దొరికింది. అంటే తీరప్రాంతంలోని చెట్టు నదిలో కొట్టుకుపోయి సముద్రం అడుగున చేరింది. నేడు సాగరతీరానికి ఎంతో దూరాన ఉన్న ఆ మెట్టనేల ఒకప్పుడు కడలి గర్భమన్న మాట.

రాజస్థాన్‌లోని జైసల్మేర్‌కు 17 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఆకల్ శిలాజ వనం మరో సాక్ష్యం. చుట్టూ థార్ ఎడారి. మధ్యలో 21 హెక్టార్ల ఆవరణలో దాదాపు 25 రాతి మానులు ఉన్నాయి. వాటిలో పెద్దది 13 మీటర్లకు పైగా ఉంటుంది. సుమారు 18 కోట్ల ఏళ్ల కిందట, జురాసిక్ యుగంలో, అక్కడ పచ్చని అడవి పెరిగేంత తేమ ఉండేదని అవి చెబుతున్నాయి. మధ్యప్రదేశ్‌లోని దిండోరి జిల్లా ఘుఘువాలో దొరికినవి సుమారు 6.5 కోట్ల ఏళ్ల నాటివి. దక్కన్ పీఠభూమిని కప్పేసిన లావా ప్రవాహాల మధ్య విరామ కాలంలో పెరిగిన చెట్లవి. 18 కుటుంబాలకు చెందిన 31 ప్రజాతుల మొక్కలను అక్కడ గుర్తించారు. తాటి, ఖర్జూర జాతులతోపాటు ప్రధానంగా ఆస్ట్రేలియాలో సహజంగా పెరిగే యూకలిప్టస్‌ను పోలిన మాను కూడా వాటిలో ఉంది. దక్షిణ ఖండాలన్నీ ఒకప్పుడు కలిసి ఉండేవన్న గోండ్వానా సిద్ధాంతానికి ఇలాంటి ఆధారాలే ఊపిరి.

ఈ సమాచారమంతా మాను కదలకుండా ఉంటేనే దక్కుతుంది. ఏ పొరలో, ఏ దిశలో, ఏ ఇతర శిలాజాల సరసన అది పడి ఉందో నమోదు కాకుండా బయటికి తీస్తే, మిగిలేది గాజు బీరువాలో పెట్టుకునే అందమైన రాయి మాత్రమే. అడవిని నరికితే మళ్లీ పెంచుకోవచ్చు, కనీసం ఆశ పడవచ్చు. శిలాజ వనం విషయంలో ఆ ఆశకూ తావులేదు.

ఆలయానికి హద్దు ఉంది, శిలాజానికి లేదు

జీఎస్‌ఐ దేశంలో ముప్పైకి పైగా ప్రదేశాలను జాతీయ భూవైజ్ఞానిక స్మారకాలుగా, భూవారసత్వ స్థలాలుగా ప్రకటించింది. తిరువక్కరై, సాత్తనూరు, ఆకల్ ఆ జాబితాలోనివే. తిరుమలలోని శిలాతోరణం, విశాఖపట్నం సమీపంలోని ఎర్రమట్టి దిబ్బలు, మంగంపేట ముగ్గురాయి నిక్షేపం కూడా అందులో ఉన్నాయి. ఈ ప్రకటనలకు శాస్త్రీయ విలువ ఉంది. చట్టపరమైన బలం మాత్రం స్వల్పం. 1851లో బొగ్గు నిక్షేపాల అన్వేషణ లక్ష్యంగా రూపుదిద్దుకున్న జీఎస్‌ఐ ప్రధానంగా పరిశోధన సంస్థ. అది కేంద్ర గనుల మంత్రిత్వ శాఖ పరిధిలో పనిచేస్తుంది. భూమి రాష్ట్రాలది. రెవెన్యూ, అటవీ, గనుల శాఖల మధ్య అది పంచుకుపోయి ఉంటుంది. ఒక చోటును స్మారకంగా ప్రకటించినంత మాత్రాన, దాని సరిహద్దు పక్కనే క్వారీకి అనుమతి ఇవ్వకుండా ఆపే అధికారం జీఎస్‌ఐకి దఖలు పడదు.

చారిత్రక కట్టడాల పరిస్థితితో పోల్చి చూస్తే తేడా స్పష్టమవుతుంది. 1958 నాటి ప్రాచీన స్మారకాల చట్టానికి 2010లో చేసిన సవరణ ప్రకారం, కేంద్ర రక్షిత కట్టడం చుట్టూ 100 మీటర్లు నిషిద్ధ ప్రాంతం. ఆపైన మరో 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. అక్కడ అనుమతి లేకుండా ఇల్లు కట్టుకోవడానికీ వీల్లేదు. ఆ చట్టం వర్తించాలంటే కట్టడం, గుహ, శిల్పం లేదా శాసనం వంటిదై, కనీసం 100 ఏళ్ల నాటిదై, చారిత్రక, పురావస్తు లేదా కళాత్మక ప్రాధాన్యం కలిగి ఉండాలి. మనిషి చేతి ముద్ర కోసం రాసిన నిర్వచనమది. ఫలితంగా మూడు వందల ఏళ్ల నాటి సమాధికి చుట్టూ రక్షణ వలయం ఉంది. 2 కోట్ల ఏళ్ల నాటి చెట్టుకు కంచె దాటితే రక్షణ లేదు.

రాజ్యాంగంలోని 49వ అధికరణం జాతీయ ప్రాధాన్యం గల స్మారకాలను, స్థలాలను, వస్తువులను ధ్వంసం కాకుండా, ఎగుమతి కాకుండా కాపాడే బాధ్యతను రాజ్యానికి అప్పగించింది. అయితే ఆ ప్రాధాన్యాన్ని పార్లమెంటు చేసిన చట్టం ద్వారా లేదా దాని కింద ప్రకటించి ఉండాలన్నది షరతు. జాతీయ భూవైజ్ఞానిక స్మారకాలు అలాంటి చట్టం కింద ప్రకటితమైనవి కావు. పేరులో ‘జాతీయ’ అని ఉన్నా, రాజ్యాంగం చెప్పిన రక్షణ గొడుగు కిందికి అవి చేరలేదు.

తిరువక్కరైలో రక్షిత భూమి దాదాపు 247 ఎకరాలు. అదీ ఒకేచోట కాకుండా తొమ్మిది ముక్కలుగా ఉంది. సందర్శకులకు తెరిచింది అందులో కొంత భాగమే. భూగర్భంలోని శిలాజ పొర సర్వే నంబర్లను చూసి ఆగదు. కంచె ఉన్నచోటే శిలాజాలు ఉన్నాయనుకోవడం పొరపాటు. కంచె వేసినచోటి శిలాజాలే మనకు మిగిలాయనడం సత్యానికి దగ్గర.

ఝార్ఖండ్‌లోని రాజ్‌మహల్ కొండలు ఇందుకు పెద్ద ఉదాహరణ. భారత పురావృక్ష శాస్త్రానికి పితామహుడైన బీర్బల్ సహానీ ఆ కొండల్లోని మొక్కల శిలాజాలపై చేసిన పరిశోధనలే ఆయనకు అంతర్జాతీయ ఖ్యాతి తెచ్చాయి. లక్నోలో ఆయన స్థాపించిన సంస్థకు 1949 ఏప్రిల్ 3న జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేశారు. శిలాజాలు పొదిగి తయారుచేసిన ఆ పునాదిరాయి నేటికీ అక్కడ ఉంది. శంకుస్థాపన జరిగిన వారానికే సహానీ కన్నుమూశారు. ఆయన శాస్త్రానికి నెలవైన రాజ్‌మహల్ కొండలు మాత్రం దశాబ్దాలుగా కంకర కోసం పేలుళ్లతో కరిగిపోతున్నాయి. సాహిబ్‌గంజ్ జిల్లా మండ్రోలో రాష్ట్ర ప్రభుత్వం 2022లో శిలాజ పార్కును ప్రారంభించింది. అది స్వాగతించవలసిన ప్రయత్నం. అయితే కొండల శ్రేణిలో అది చిన్న తునక మాత్రమే.

వన్యప్రాణుల చట్టం నీడలో ఓ శిలాజ వనం

ఉన్న చట్టాలతోనే కొంత మేలు చేయవచ్చని మధ్యప్రదేశ్ నిరూపించింది. ఘుఘువా శిలాజాల ప్రాముఖ్యాన్ని 1970లలో మొదట పసిగట్టింది మండ్లా జిల్లా గణాంక అధికారిగా ఉన్న ధర్మేంద్ర ప్రసాద్. ఆయన జిల్లా పురావస్తు సంఘానికి గౌరవ కార్యదర్శి కూడా. ఆ తర్వాత జబల్‌పూర్ సైన్స్ కళాశాల, బీర్బల్ సహానీ సంస్థల పరిశోధకులు వాటిని అధ్యయనం చేశారు. 1983లో ప్రభుత్వం ఈ ప్రాంతాన్ని మండ్లా వృక్ష శిలాజాల జాతీయ ఉద్యానంగా ప్రకటించింది. వన్యప్రాణి సంరక్షణ చట్టం–1972లోని 35వ సెక్షన్ జాతీయ ఉద్యానం ప్రకటనకు జంతు, వృక్ష ప్రాధాన్యంతోపాటు భూస్వరూప ప్రాధాన్యాన్ని కూడా కారణంగా అంగీకరిస్తుంది. పులులను, ఏనుగులను కాపాడటానికి పుట్టిన చట్టం ఆ విధంగా 6.5 కోట్ల ఏళ్ల కిందట చనిపోయిన చెట్లకు రక్షణ కవచమైంది.

దీని ప్రభావం చిన్నది కాదు. జాతీయ ఉద్యానంలో అటవీ సిబ్బందికి తనిఖీ, అరెస్టు అధికారాలు ఉంటాయి. హద్దులు మార్చాలన్నా జాతీయ వన్యప్రాణి మండలి సిఫారసు కావాలి. తిరువక్కరైకి లేని బలం ఇది. పరిమితులు కూడా ఉన్నాయి. ఏడు గ్రామాల పరిధిలో చెదురుగా ఉన్న ఈ ఉద్యానం విస్తీర్ణం మొత్తం కలిపి సుమారు 27 హెక్టార్లే. దాని అవతల గోండులు, బైగాలు సాగు చేసుకునే పొలాలు ఉన్నాయి. ఆ పొలాల నాగలి చాళ్లలోనూ శిలాజాలు దొరుకుతాయి. పైగా జాతీయ ఉద్యానమంటే పశువుల మేత సహా స్థానికుల హక్కులన్నీ ఆగిపోవడమే. 27 హెక్టార్లకు చెల్లిన ఈ మార్గం వేల హెక్టార్లకు చెల్లదు, చెల్లకూడదు కూడా.

మరో మార్గాన్ని జీవవైవిధ్య చట్టం–2002 చూపిస్తోంది. దానిలోని 37వ సెక్షన్ కింద స్థానిక సంస్థలతో సంప్రదించి రాష్ట్ర ప్రభుత్వాలు జీవవైవిధ్య వారసత్వ ప్రదేశాలను ప్రకటించవచ్చు. జాతీయ జీవవైవిధ్య సంస్థ రూపొందించిన నిర్వచనం గతకాలపు జీవసంపదకు గుర్తుగా నిలిచిన శిలాజ పొరలను కూడా ఇందుకు అర్హమైనవిగా పేర్కొంటోంది. నిర్వహణలో గ్రామస్థాయి జీవవైవిధ్య యాజమాన్య కమిటీకి పాత్ర ఉంటుంది. స్థానికుల ఆచార వ్యవహారాలకు, జీవనోపాధికి అడ్డురాకుండా రక్షణ కల్పించడం ఈ విధానం ఉద్దేశం. పశ్చిమబెంగాల్‌లోని బీర్భూమ్ జిల్లా ఆమ్‌ఖోయి అనే ఆదివాసీ గ్రామంలో చెరువు తవ్వుతుండగా బయటపడిన శిలాజ కలపను ఊళ్లోనే పార్కుగా తీర్చిదిద్దారు. శిలాజం దొరికిన ఊరిలోనే ఉండవచ్చని, ఊరికే గౌరవం తేవచ్చని చూపిన నమూనా అది.

గోదావరి లోయలో మన వాటా

తెలుగువారికి ఈ చర్చ పరాయిది కాదు. ప్రాణహిత, గోదావరి లోయ దేశంలోని అత్యంత విలువైన శిలాజ క్షేత్రాల్లో ఒకటి. కాళేశ్వరానికి ఆవలి గట్టున, మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా సిరొంచ తాలూకాలో తెలుగు మాట్లాడే ఊళ్లు ఎన్నో ఉన్నాయి. అక్కడి వడధం వద్ద రాతి మానులు, డైనోసార్ ఎముకల అవశేషాలు బయటపడటంతో శిలాజ పార్కును ఏర్పాటు చేశారు. ఇవతలి గట్టున, ఒకప్పటి ఆదిలాబాద్ జిల్లాలోని యామన్‌పల్లి పరిసరాల్లో దొరికిన ఎముకలకు శాస్త్రజ్ఞులు 1988లో కోటసారస్ యామన్‌పల్లియెన్సిస్ అని పేరు పెట్టారు. కోట, యామన్‌పల్లి రెండూ ఆ లోయలోని ఊళ్ల పేర్లే. హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో పిల్లలు నోరు తెరిచి చూసే 44 అడుగుల అస్థిపంజరం దానిదే.

ఒకే నదీ లోయ, ఒకే శిలాజ పొర, రెండు రాష్ట్రాలు. ఒక గట్టున పార్కు ఉంది. మరో గట్టున దొరికింది మ్యూజియానికి చేరింది, ఊరికి మాత్రం పేరు మిగిలింది. సింగరేణి బొగ్గు కూడా ఈ లోయలోని గోండ్వానా పొరల్లోనిదే. ఆ బొగ్గు స్వయంగా పురాతన అడవుల అవశేషం. గనులు, ఇసుక రీచులు, ప్రాజెక్టులు, రహదారుల కోసం ఈ లోయలో తవ్వకం ఆగేది కాదు. తవ్వేటప్పుడు శిలాజం కనిపిస్తే ఎవరికి చెప్పాలి, పని ఎంతకాలం ఆపాలి, జరిగిన నష్టం ఎవరు భరించాలి అన్నదానికి కట్టుబడి తీరవలసిన నిబంధన లేకపోవడమే అసలు లోటు. నిబంధన లేనప్పుడు గుత్తేదారుకు అనువైన దారి ఒక్కటే. చూడనట్టు ముందుకు సాగడం.

ఎర్రమట్టి దిబ్బల అనుభవం కూడా ఇదే చెబుతోంది. భూవారసత్వ స్థలంగా గుర్తింపు ఉన్నా చుట్టూ తవ్వకాలు, నిర్మాణాలపై వివాదాలు న్యాయస్థానాల దాకా వెళ్లాయి. 2025 సెప్టెంబరులో ఈ దిబ్బలతోపాటు తిరుమల కొండలు యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాలో చేరాయి. అప్పుడు కొత్తగా చేరిన ఏడు భారతీయ ప్రకృతి స్థలాల్లో రెండు ఆంధ్రప్రదేశ్‌వి కావడం గర్వకారణమే. ఆ ఏడింటిలో శిలాజ వనం ఒక్కటి కూడా లేదు. తాత్కాలిక జాబితా నుంచి అసలు జాబితాకు చేరాలంటే దేశీయ చట్టపరమైన రక్షణ ఎంత గట్టిదో చూపించాలి. సమస్య మళ్లీ మొదటికే వస్తుంది.

ముసాయిదా ఎక్కడ ఆగింది

గనుల మంత్రిత్వ శాఖ 2022 డిసెంబరులో భూవారసత్వ స్థలాలు, భూఅవశేషాల సంరక్షణ, నిర్వహణ ముసాయిదా బిల్లును ప్రజాభిప్రాయం కోసం విడుదల చేసింది. జాతీయ ప్రాధాన్యం గల స్థలాలను ప్రకటించడం, 2013 భూసేకరణ చట్టం కింద భూమిని సేకరించడం, అక్కడ నిర్మాణాలను నిషేధించడం దానిలోని ముఖ్యాంశాలు. స్థలాన్ని ధ్వంసం చేసినా, రూపం చెడగొట్టినా 6 నెలల వరకు జైలు లేదా 5 లక్షల రూపాయల వరకు జరిమానా లేదా రెండూ విధించవచ్చని ప్రతిపాదించింది. ఉల్లంఘన కొనసాగితే రోజుకు 50 వేల రూపాయల వరకు అదనపు జరిమానా ఉంటుంది. శిలాజాలకు చట్టంలో చోటు కల్పించే ప్రయత్నంగా ఇది కీలకమైన అడుగు.

అయితే ముసాయిదా నిర్మాణంలోనే రెండు లోపాలు ఉన్నాయి. మొదటిది అధికార కేంద్రీకరణ. గుర్తింపు, పరిరక్షణ, తనిఖీ అధికారాలు ప్రధానంగా జీఎస్‌ఐ చేతిలో ఉంటాయి. ఖనిజాల అన్వేషణ దాని మౌలిక విధి. ఖనిజ వేలాల విధానాన్ని రూపొందించేది దాని మాతృశాఖ. తవ్వకాన్ని ప్రోత్సహించే ఇంట్లోనే తవ్వకాన్ని అడ్డుకునే తాళంచెవి పెట్టినట్టవుతుంది. విశ్వవిద్యాలయాలు, స్వతంత్ర పరిశోధకులు, రాష్ట్రాల ప్రతినిధులు ఉండే నిపుణుల మండలి అయితే ఈ సంఘర్షణ తగ్గుతుంది.

రెండోది మరింత లోతైనది. భూసేకరణ తప్ప భూ యజమానికి మరో దారి అందులో బలంగా కనిపించదు. పొలంలో శిలాజం దొరికిందని నిజాయతీగా చెప్పిన రైతు ఆ పొలాన్నే కోల్పోవలసి వస్తే, పక్క పొలం రైతు ఇంకెప్పుడూ చెప్పడు. దొరికినదాన్ని పగలగొట్టి గట్టుకింద పూడ్చేస్తాడు. భయం పుట్టించే చట్టం శిలాజాన్ని కాపాడదు, మరింత లోతుగా దాచేస్తుంది. సమాచారం ఇచ్చినవారికి గౌరవం, ప్రోత్సాహకం, సాగు కొనసాగించుకునే హక్కు, పరిరక్షణ ఒప్పందం కింద ఏటా కొంత చెల్లింపు వంటి ఏర్పాట్లు ఉంటే రైతే కాపలాదారు అవుతాడు.

భూమి రాష్ట్రాల పరిధిలోని అంశం కావడం, రహదారులు, గనుల రంగాలపై పడే ప్రభావం కూడా ఈ చట్టాన్ని క్లిష్టం చేస్తున్నాయి. ఆ ఆందోళనల్లో నిజం లేకపోలేదు. కానీ జాప్యానికి కూడా ఖరీదు ఉంది. పరిశ్రమకు మరోచోట స్థలం చూపవచ్చు. పిండి అయిన మానుకు మరో చోటు లేదు.

ఇతర దేశాల అనుభవం

అమెరికాలోని అరిజోనా రాష్ట్రంలో ప్రపంచ ప్రసిద్ధి చెందిన శిలాజ వనం ఉంది. 19వ శతాబ్దం చివర రైలు మార్గం పడ్డాక అక్కడి రాతి దుంగలను పెట్టెలకొద్దీ తరలించారు. సానపట్టే పొడి కోసం వాటిని పిండి చేయడానికి ఒక మిల్లు కూడా వెలిసింది. స్థానిక ప్రజల నుంచి వచ్చిన ఒత్తిడితో అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్ట్ 1906లో దాన్ని జాతీయ స్మారకంగా ప్రకటించారు. 1962లో అది జాతీయ పార్కు అయింది. ఆ 1906 చట్టం చారిత్రక వస్తువులతోపాటు శాస్త్రీయ ప్రాధాన్యం గల వాటినీ చేర్చుకోవడం వల్లనే ఆ రక్షణ సాధ్యమైంది. మన 1958 చట్టంలో లేనిది సరిగ్గా అదే.

అరిజోనా మరో పాఠం కూడా నేర్పింది. సందర్శకులు జేబులో వేసుకుపోయిన ముక్కలను కొందరు పశ్చాత్తాపంతో తపాలాలో తిరిగి పంపుతుంటారు. అవి ఎక్కడివో తెలియదు కనుక తిరిగి యథాస్థానంలో పెట్టడం కుదరదు. అవి పార్కులో ఒక కుప్పగా పడి ఉంటాయి. ఆ పార్కులోనే రాబర్ట్ సియాల్డిని బృందం హెచ్చరిక బోర్డులపై ఒక ప్రయోగం చేసింది. ‘చాలామంది ఎత్తుకుపోవడం వల్ల అడవి రూపం మారిపోతోంది’ అన్న బోర్డు ఉన్నచోట అక్కడ ఉంచిన ముక్కల్లో దాదాపు 8 శాతం మాయమయ్యాయి. ‘దయచేసి తీసుకుపోవద్దు’ అన్నచోట 2 శాతం కూడా పోలేదు. నలుగురూ చేస్తున్నారని చెబితే ఐదోవాడికి అది అనుమతిలా వినిపిస్తుంది. మన పార్కుల్లో బోర్డులు రాసేవారు గుర్తుంచుకోవలసిన విషయమిది.

గ్రీసు దేశంలోని లెస్బోస్ ద్వీపం ఇంకో అడుగు ముందుకేసింది. సుమారు 2 కోట్ల ఏళ్ల నాటి అక్కడి శిలాజ వనాన్ని 1985లో చట్టబద్ధంగా రక్షిత ప్రకృతి స్మారకం చేశారు. 1994లో సిగ్రి గ్రామంలో ప్రత్యేక మ్యూజియం నెలకొల్పారు. 2021లో రహదారి పనులు సాగుతుండగా వేళ్లు, కొమ్మలతో సహా 19.5 మీటర్ల చెట్టు చెక్కుచెదరకుండా బయటపడింది. మ్యూజియం నిపుణులు అందుబాటులో ఉండటంతో దాన్ని జాగ్రత్తగా వెలికితీయగలిగారు. అభివృద్ధి, పరిరక్షణ ఒకే స్థలంలో ఎలా కలిసి నడవగలవో చెప్పడానికి ఇంతకన్నా నిదర్శనం అక్కర్లేదు. నేడు ఆ ద్వీపం యునెస్కో గ్లోబల్ జియోపార్కు. పర్యాటకం మీద స్థానిక కుటుంబాలు, మహిళా సహకార సంఘాలు ఉపాధి పొందుతున్నాయి. ప్రపంచంలో ఇలాంటి జియోపార్కులు 200కు పైగా ఉంటే, మన దేశంలో ఒక్కటీ లేదు. దరఖాస్తుకు ముందే ఆ స్థలంలోని ముఖ్యమైన భూవారసత్వానికి చట్టరక్షణ ఉండాలన్నది యునెస్కో నియమం కావడం ఇక్కడ గమనార్హం.

తక్షణం చేయదగినవి

కేంద్ర చట్టం వచ్చేదాకా చేతులు ముడుచుకుని కూర్చోవలసిన పనిలేదు. రాష్ట్రాలు జీవవైవిధ్య చట్టం కింద శిలాజ పొరలను వారసత్వ ప్రదేశాలుగా ప్రకటించవచ్చు. గనులకు, రహదారులకు ఇచ్చే పర్యావరణ అనుమతుల్లో శిలాజ సర్వేను షరతుగా చేర్చవచ్చు. జీఎస్‌ఐ వద్ద ఉన్న శిలాజ పటాలను రాష్ట్రాల రెవెన్యూ రికార్డులతో జోడిస్తే, క్వారీ దరఖాస్తు వచ్చినప్పుడే హెచ్చరిక వెలువడుతుంది. ప్రతి శిలాజ పార్కులో స్థానిక యువతకు మార్గదర్శకులుగా శిక్షణ ఇచ్చి, ప్రవేశ రుసుములో వాటాను గ్రామ పంచాయతీకి ఇవ్వడం పెద్ద ఖర్చుతో కూడిన పని కాదు. ఘుఘువా విలువను మొదట గుర్తించింది ఒక గణాంక అధికారి అన్న సంగతి మరువరాదు. ఆ ప్రాంతపు ఉపాధ్యాయుడు, పశువుల కాపరి, పొక్లెయిన్ నడిపేవాడు కూడా రేపు అలాంటి ఆవిష్కర్త కావచ్చు. చూసినదాన్ని చెప్పడానికి వారికి ఒక చోటు, చెబితే నష్టపోమన్న ధీమా కావాలి.

పార్లమెంటు ముందుకు రావలసిన బిల్లు విషయంలో కేంద్రం మూడు అంశాలపై స్పష్టత ఇవ్వాలి. ప్రకటిత స్థలం చుట్టూ కట్టడాలకు ఉన్నట్టే నిషిద్ధ, నియంత్రిత మండలాలు ఉండాలి. నిర్ణయాధికారం గనుల శాఖ గుత్తాధిపత్యం కాకుండా విస్తృత మండలికి దక్కాలి. భూసేకరణ చివరి మార్గంగా మాత్రమే ఉండి, గ్రామసభ భాగస్వామ్యం మొదటి మార్గం కావాలి. శిలాజాల అమ్మకం, ఎగుమతిపై స్పష్టమైన నిషేధం దీనికి తోడు కావాలి.

తిరువక్కరైలోని మానులు వరదను, ఇసుకను, కోట్ల ఏళ్ల కాలాన్ని తట్టుకుని మన దాకా వచ్చాయి. వాటికి తొలిసారి ఎదురైన అసలైన ప్రమాదం కంకర యంత్రం. ఆ యంత్రాన్ని ఎక్కడ ఆపాలో చెప్పవలసింది కంచె కాదు, చట్టం. ముసాయిదా ప్రజల ముందుకు వచ్చి ఏళ్లు గడిచాయి. ఇక దాన్ని సరిదిద్ది సభ ముందుకు తేవడమే మిగిలింది.